బంతితో నవ్వించాలనుకునే మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

కాలేజీ జట్టులో ఆడటంతో సరిపెట్టుకోక, బాస్కెట్‌బాల్ విన్యాసాలతో జనాన్ని నవ్వించడమే వృత్తిగా పెట్టుకోవాలని ఉందని నీవు రాసిన ఉత్తరం రెండుసార్లు చదివాను. వద్దనను. ఇన్నేళ్లు పిల్లలకు ఈ ఆట నేర్పినవాడిగా, ఆ దారిలో చాలా దూరం నడిచిన మెడోలార్క్ లెమన్ గురించి మాత్రం నీకు చెప్పాలి.

1932లో అమెరికాలోని విల్మింగ్టన్‌లో పుట్టిన ఆ నల్లజాతి కుర్రవాడు, పదకొండేళ్లప్పుడు సినిమా హాల్లో విన్యాసాలతో జనాన్ని నవ్వించే బాస్కెట్‌బాల్ జట్టు హార్లెమ్ గ్లోబ్‌ట్రాటర్స్ ఆట చూసి, బట్టలు తగిలించే హ్యాంగరును రింగుగా, ఉల్లిపాయల సంచిని వలగా కట్టుకుని, ఖాళీ పాలడబ్బానే బంతిగా విసిరాడు. డబ్బాతో డ్రిబ్లింగ్, అంటే నేలకు కొడుతూ ముందుకు తీసుకెళ్లడం, సాగదు కనుక ముందుగా అలవడింది గురేనని నా నమ్మకం. తర్వాత అదే జట్టులో దాదాపు పాతికేళ్లు ఆడి, కోర్టు మధ్య నుంచి హుక్ షాట్, అంటే ఒంటిచేత్తో తల మీదుగా వంపుగా విసిరే షాట్, వేసి జనాన్ని ఉర్రూతలూగించాడు. ఆ బంతి రింగులో పడకపోతే అంతకుముందు చేసిన హాస్యమంతా తేలిపోతుంది. కాబట్టి విన్యాసాలకు గంట కేటాయిస్తే, మామూలు షాట్లకు, పాస్‌లకు రెండు గంటలు కేటాయించు.

అతడు బకెట్ పట్టుకుని వెంటపడి చివరికి ప్రేక్షకుల మీద కుమ్మరిస్తే నీళ్లకు బదులు కాగితపు ముక్కలు రాలేవి. అందులో కిటుకు కాగితాల్లో లేదు. బకెట్ బరువుగా ఉన్నట్టు మోసే నడకలో ఉంది. తన లెక్క ప్రకారం పదహారు వేలకు పైగా ఆటలాడిన మనిషి, ఎన్నోసారి చేస్తున్నా, ఆ ఊరి పిల్లవాడు చూడటం అదే మొదటిసారని గుర్తుంచుకున్నాడు. నీకు విసుగు పుట్టిన రోజున ఇది తలచుకో.

ఎదుటి జట్టును చిన్నచూపు చూడవద్దు. గ్లోబ్‌ట్రాటర్స్‌కు ప్రత్యర్థులుగా ఊరూరా తిరిగిన వాషింగ్టన్ జనరల్స్, హాస్యానికి చోటిచ్చినంతసేపు ఇచ్చి, మిగతా సమయంలో నిజంగానే ఆడేవారు. 1971లో టెన్నెసీలోని మార్టిన్ ఊళ్లో 100-99 తేడాతో గెలిచారు కూడా.

ఇంకొకటి, నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది. ఆడే హాలు నిండినా, వర్ణవివక్ష ఉన్న దక్షిణాది ఊళ్లలో ఆ ఆటగాళ్లకు హోటల్ గది దొరకని రోజులవి. 1960లలో, తెల్లవారిని నవ్వించడానికి కోతిచేష్టలు చేస్తున్నారని సొంతవాళ్లే కొందరు నిందించారు. నా దృష్టిలో ఆ నింద పూర్తిగా న్యాయం కాదు, ఎందుకంటే కోర్టు మీద నవ్వులపాలయ్యేవాడు లెమన్ కాదు, ఆటను తన చేతిలో ఉంచుకున్నవాడు అతడే. 2003లో ఆటలోని గొప్పవాళ్లను గౌరవించే బాస్కెట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్, ఆటకు సేవ చేసినవాడిగా అతడికి చోటిచ్చింది. అయినా ఆ ప్రశ్న నీవూ వేసుకో. నిర్వాహకులు ఎవరి రంగునో, యాసనో, ఒడ్డూపొడవునో ఎగతాళి చేయమంటే, డబ్బు ఎంతైనా ఒప్పుకోవద్దు.

పండక్కి వచ్చేటప్పుడు బూట్లు తెచ్చుకో. మధ్య గీత సంగతి తర్వాత చూద్దాం. ముందు రింగుకు ఆరడుగుల దూరం నుంచి రెండు చేతులతోనూ హుక్ షాట్ వేసి చూపించాలి.

ఇట్లు,
నీ మామయ్య