రెండో హాఫ్‌లో కాళ్లు ఎందుకు లాగేస్తాయంటే

అమ్మడూ,

ఫుట్‌బాల్ మ్యాచ్‌లో రెండో హాఫ్ మొదలయ్యేసరికి కాళ్లు బరువెక్కుతున్నాయని, స్టామినా కోసం పొద్దున్నే ఇంకో అరగంట పరుగు పెంచానని రాశావు. ముందు ఆ అరగంట ఆపెయ్. ఉత్తరం నిండా ఆట గురించే ఉంది, తిండి గురించి ఒక్క ముక్క: “ప్రాక్టీస్ అయ్యాక ఆకలే వేయట్లేదు అత్తా.” నేను పట్టుకున్నది ఆ ముక్కనే.

గట్టిగా పరుగెత్తాక ఆకలి కాసేపు చచ్చిపోతుంది. అంతమాత్రాన ఒంటికి తిండి అక్కర్లేదని కాదు. మిడ్‌ఫీల్డ్‌లో ఆడే నువ్వు ఒక్క మ్యాచ్‌లో పది కిలోమీటర్ల దాకా తిరుగుతావు.

లెక్క చెప్తాను. ఒంట్లో కొవ్వు తీసేస్తే నీ బరువు 45 కిలోలనుకో. ఆటకు ఖర్చయినది పోగా కిలోకు 45 క్యాలరీల దాకా మిగిలితే ఎముకలు, హార్మోన్లు తమ పని తాము చేసుకుంటాయి. 30 కంటే తగ్గితే ఒళ్లు పొదుపు మొదలెడుతుంది. నువ్వు రోజుకు 1800 క్యాలరీలు తిని, ప్రాక్టీసుకు 600 ఖర్చు పెడితే మిగిలేది 1200. కిలోకు 27 కూడా రాదు. నీకు కావలసింది 2600 పైమాటే. 2014లో ఒలింపిక్ కమిటీ నిపుణులు ఈ లోటుకు రెడ్-ఎస్, అంటే ఆటల్లో వచ్చే శక్తి లోటు, అని పేరు పెట్టారు. మా రోజుల్లో దానికి పేరు బద్ధకం.

బరువు తగ్గలేదు కదా అంటావేమో. పొదుపు చేసే ఒళ్లు బరువు తగ్గకుండానే నెలసరిని ఆపేయగలదు. పందొమ్మిదేళ్లప్పుడు నాకు ఐదు నెలలు రాలేదు. పీడా వదిలిందని సంబరపడ్డాను, కోచ్ కూడా సన్నబడ్డావని మెచ్చుకున్నాడు. ఆ సీజన్‌లోనే మోకాలి కింది ఎముకలో స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే ఒత్తిడి పడి వచ్చే సన్నటి పగులు, వచ్చింది. మూడు నెలలు రాకపోతే డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సిందే. గర్భనిరోధక మాత్రలు వేసుకుంటున్నప్పుడు కనిపించే రక్తస్రావం అసలు నెలసరి కాదు, దాన్ని చూసి అంతా బాగుందనుకోకు.

ఇక తినే సంగతి. ఆకలిని కాదు, గడియారాన్ని నమ్ము. పరగడుపున మైదానంలోకి దిగకు, పొద్దున్నే ముద్ద దిగకపోతే ఒక అరటిపండయినా తిను. మ్యాచ్‌కు మూడు గంటల ముందు కడుపు నిండా భోజనం చెయ్యి. హాఫ్‌టైమ్‌లో తీపి పానీయం తాగు. ఆట ముగిసిన గంటలోపు ఏదో ఒకటి లోపలికి పోవాలి, నమలబుద్ధి కాకపోతే పాలు తాగినా సరే. మీ వయసు పిల్లలు పిండిపదార్థాలంటే భయపడి ప్రొటీన్ డబ్బాలు మోస్తుంటారు, నాకు నవ్వొస్తుంది. పరుగును నడిపేవే ఆ పిండిపదార్థాలు. కఠినంగా ఆడిన రోజు శరీర బరువులో కిలోకు ఆరు గ్రాములు కావాలి, అంటే 60 కిలోల మనిషికి 360 గ్రాములు. పచ్చికూరల సలాడ్‌తో కడుపు నిండుతుందే గానీ ఈ లెక్క నిండదు. రక్తపరీక్షకు వెళ్లినప్పుడు ఫెరిటిన్ కూడా చూడమను, ఐరన్ నిల్వలు తగ్గినా ఇదే అలసట ఉంటుంది.

కంచం చూస్తేనే భయమేస్తోందా, తిన్నాక తప్పు చేసినట్టు అనిపిస్తోందా? అలాగైతే నా సలహాలు చాలవు. ఈ వారమే డాక్టర్‌తో మాట్లాడు, తోడు కావాలంటే నేనొస్తాను.

పోయిన నెలసరి ఏ తారీఖున వచ్చిందో గుర్తుందా? ఈసారి ఉత్తరంలో మొదట అదే రాయి.

నీ
అత్త