గౌరీపట్నం రాయిలో గుల్లలు గోదావరి తెచ్చినవేనా?

గౌరీపట్నం వైపు క్వారీలో నల్లరాయి కింద తెల్లరాయి, దాన్నిండా గుల్లలు చూశానన్నారు. సముద్రమేమో నరసాపురం అవతల ఉంది, ఇవి గోదావరి వరదకి కొట్టుకొచ్చాయా అని మీ అనుమానం.

కాదండీ. నది సరుకుని కిందికి దింపుతుంది, సముద్రపు గుల్లని ఎగువకి మోయదు. సముద్రమే అక్కడిదాకా ఉండేది.

మాది రాజోలు దగ్గర. చిన్నప్పుడు మా వీధి చివర గుల్ల సున్నం కాల్చేవారు. ఆ గుల్లల కుప్ప మీద ఎక్కి ఆడేవాళ్లం. అలలు దొర్లించి తెచ్చిన గుల్లలు ఎలా ఉంటాయో అక్కడే తెలిసింది: అంచులు అరిగి, సగం విరిగి, జత చిప్పలు విడిపోయి ఉండేవి. బతికిన బురదలోనే కప్పడిపోయినవి అలా ఉండవు. రెండు చిప్పలూ మూసుకునే దొరుకుతాయి. అందుకే క్వారీలో మొదట చూడాల్సింది గుల్ల పేరు కాదు, గుల్ల పరిస్థితి.

ఎమ్మెస్సీలో ఉండగా ఫీల్డ్ ట్రిప్‌కి ఆ క్వారీలకే వెళ్లాం. నేను ఎగబడి సంచెడు గుల్లలు ఏరాను. ఏది ఏ పొరలోదో మాత్రం రాసుకోలేదు. సాయంత్రం మాస్టారు సంచి చూసి, "బట్టీకి పనికొస్తాయి" అన్నారు. మర్నాడు మళ్లీ మొదలుపెట్టాను, ఈసారి గోడ మీద సుద్దతో అడుగడుగుకీ గీతలు గీసుకుని. అప్పుడు కనపడింది అసలు సంగతి. ఒక పొరలో ఆలిచిప్పలు గుట్టగా అతుక్కుని ఉన్నాయి. ఇవి ఉప్పూ తీపీ కలిసే నీళ్లని బాగా ఓర్చుకుంటాయి. అరచెయ్యి మందం పైకెళ్తే ఒక్క గుల్లా లేని నున్నటి రాయి. అంటే అక్కడి నీళ్లు ఒక్క తీరుగా లేవు. కోరింగ దగ్గర పాయల్లో ఆటుపోట్లకి నీళ్లు మారినట్టే, కాకపోతే ఏళ్ల తరబడి.

ఇక వయసు. నల్లరాయి దక్కన్ లావా, అంటే దక్కన్ పీఠభూమి మీద పొరలు పొరలుగా పారి గట్టిపడిన అగ్నిపర్వతాల లావా. పశ్చిమ కనుమల వైపు నుంచి పాత నదీ లోయల వెంట సుమారు 1000 కిలోమీటర్లు పారి ఇక్కడ సముద్రం ఒడ్డుకి చేరింది. రాజమండ్రి ప్రాంతంలో ఇది రెండు అంతస్తులుగా ఉంటుంది, మధ్యలో కొద్ది మీటర్ల మందాన సున్నపురాయి. కింది లావాకి అడుగున ఇంకో గుల్లల పొర ఉంది, అందులో మరమేకులా మెలితిరిగిన టరిటెల్లా అనే నత్తగుల్లలు ఎక్కువ. మీరు చూసింది ఈ రెండింట్లో ఏదో తేలాలంటే తెల్లరాయి కింద మళ్లీ నల్లరాయి ఉందా అన్నది చూడాలి. క్వారీ అడుగున నీళ్లు నిలిస్తే అది కనపడదు, అదే చిక్కు.

మధ్య పొరలోని ఫొరామినిఫెరా అనే సూక్ష్మజీవుల గవ్వల్ని పరీక్షించి శిలాజ శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం 2008లో ఒక పత్రం ప్రచురించింది. అవి డైనోసార్లు పోయిన వెంటనే, అంటే సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట బతికిన రకాలని తేల్చారు. అంటే ఆ మహా వినాశనం సమయానికి కింది లావా పారడం దాదాపు ముగిసిందన్న మాట. కంకర కోసం పగలగొడుతున్న గోడలో ఇంత కథ ఉంది!

నాకు మాత్రం ఇంకో విషయం ఎక్కువ ఆసక్తి. ఇప్పటి గోదావరి మొగ దగ్గర గుల్లలకి కొదవ లేదు, అయినా అక్కడ సున్నపురాయి ఏర్పడదు. నది తెచ్చే ఒండ్రు ఆ సున్నాన్నంతా ముంచేస్తుంది, చివరికి మిగిలేది గుల్లలు కలిసిన బురదే. కాబట్టి సున్నపురాయి దొరికిన చోట నీళ్లు తేటగా ఉండేవని, ఆ రోజుల్లో బురద మోసే పాయ ఏదీ దగ్గర్లో లేదని నేను ముందుగా అనుకుంటాను. మా కోనసీమ ఒండ్రు కింద కూడా, చాలా లోతున, అదే లావా ఉంది. చమురు బావులు తవ్వినప్పుడు బయటపడింది, దానికి రాజోలు పేరే పెట్టారు. దానికి పైన, ఇయోసీన్ అనే తర్వాతి భూయుగం నాటి సున్నపురాయికి భీమనపల్లి పేరు. పైన చూస్తే వరిచేలూ కొబ్బరితోటలే.

ఇంటికి తెచ్చుకున్న ముక్క ఉంటే కాస్త గీకి, ఆ పొడి మీద నిమ్మరసం పిండండి. సన్నగా బుడగలొస్తే సున్నపురాయే. ఈసారి వెళ్తే అనుమతి తీసుకోండి, గోడ కింద మాత్రం నిలబడకండి, రాళ్లు ఊడతాయి. ముక్క పక్కన రూపాయి బిళ్ల పెట్టి ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, చిప్పలు మూసుకుని ఉన్నాయో విడిపోయాయో చూసి చెప్తాను.