టెక్ సందేహాలు: మనిషి మసక, వెనక కొండ స్పష్టం

ప్రశ్న: దేవమాలి ఘాట్ మీద నుంచి మౌంటెన్ బైకుల మీద దిగే మా బృందాన్ని ఫొటోలు తీస్తుంటాను. 24 మెగాపిక్సెల్ మిర్రర్‌లెస్ కెమెరా, 70-300 లెన్స్. స్పోర్ట్స్ మోడ్‌లో పెట్టినా మనిషి మసకగా, వెనక కొండ స్పష్టంగా వస్తున్నాయి. కొన్ని ఫొటోల్లో చక్రాలు కోడిగుడ్డులా సాగిపోతున్నాయి. ఖరీదైన లెన్స్ కొనాలా? (జయపురం నుంచి)

జవాబు: వద్దు, ఉన్న లెన్స్ చాలు. వెనక కొండ స్పష్టంగా ఉందంటే ఫోకస్ మనిషిని వదిలేసి కొండను పట్టుకుందన్నమాట. స్పోర్ట్స్ మోడ్‌లో ఫోకస్ ఎక్కడ పడాలన్నది చాలా కెమెరాల్లో మన చేతిలో ఉండదు. పైగా హెల్మెట్, గాగుల్స్ పెట్టుకున్న ముఖంలో కన్ను దొరక్క ఐ-డిటెక్షన్ (కంటిని వెతికి ఫోకస్ చేసే సదుపాయం) తడబడుతుంది. మాన్యువల్ మోడ్‌కు మారి ఐఎస్ఓను (వెలుతురుకు సెన్సర్ స్పందన) ఆటోలో ఉంచండి. ఫోకస్‌ను ఏఎఫ్-సీలో (కదిలేదాన్ని వెంబడిస్తూ ఫోకస్ సర్దుకునే పద్ధతి, కానన్‌లో సర్వో) పెట్టి, ఏరియాగా చిన్న జోన్ ఎంచుకోండి. ట్రాకింగ్ సెన్సిటివిటీ (ఫోకస్ కొత్త వస్తువు మీదికి ఎంత త్వరగా మారాలనే సెట్టింగ్) ఉంటే ఒక మెట్టు తగ్గించండి. మధ్యలో పొద అడ్డొచ్చినా ఫోకస్ దాని మీదికి దూకదు. సైకిలు ఇంకా దూరంగా ఉండగానే బటన్ సగం నొక్కి వెంబడించండి. వేగం అంచనా కట్టడానికి కెమెరాకు కొంత సమయం కావాలి. చలికాలం పొద్దున్నే ఒడిశాలోకెల్లా ఎత్తైన ఆ శిఖరం (1,672 మీటర్లు) మీద మంచు పట్టి ఉంటే ఏ కెమెరా అయినా ఫోకస్ కోసం వెతుక్కుంటుంది. మీవాళ్లను ఎరుపో నారింజో జెర్సీ వేసుకోమనండి, చాలా తేడా కనిపిస్తుంది.

షట్టర్ స్పీడ్ లెక్క చూద్దాం. గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. మీ ముందు నుంచి అడ్డంగా పోయే సైకిలు 1/250 సెకనులో 4 సెంటీమీటర్లు జరుగుతుంది, 1/2000లో 5 మిల్లీమీటర్లే. నేరుగా మీవైపు వస్తుంటే 1/1000 కూడా సరిపోతుంది. దొర్లే చక్రం పైఅంచు మాత్రం సైకిలుకు రెట్టింపు వేగంతో కదులుతుంది. అందుకే 1/2000లోనూ మనిషి స్పష్టంగా నిలిచి, పై చువ్వలు కొద్దిగా చెదురుతాయి. దాన్ని లోపం అనుకోకండి, ఫొటోలో వేగం కనిపించేది అక్కడే.

గుడ్డు చక్రాలకు కారణం ఎలక్ట్రానిక్ షట్టర్. సెన్సర్ ఒక్కో వరసే చదువుకుంటూ పోతుంది, కింది వరసకు చేరేలోగా చక్రం జరిగిపోతుంది. సైలెంట్ షూటింగ్ ఆపేసి మెకానికల్ షట్టర్ పెట్టండి. సెకనుకు వచ్చే ఫొటోలు తగ్గినా నష్టం లేదు. సెకనుకు 10 రా ఫొటోలంటే (సెన్సర్ ఇచ్చిన సమాచారమంతా ఉండే పెద్ద ఫైళ్లు) సుమారు 250 ఎంబీ. యూహెచ్ఎస్-1 రకం మెమరీ కార్డు స్లాట్ సెకనుకు 104 ఎంబీకి మించి రాసుకోలేదు కాబట్టి కొద్ది సెకన్లకే బఫర్ (కార్డులోకి ఎక్కేలోగా ఫొటోలు ఆగే తాత్కాలిక మెమరీ) నిండి, అసలు క్షణంలో కెమెరా ఆగిపోతుంది. ముందుగా ఒక మలుపు ఎంచుకుని, మనిషి ఒరిగే ముందు అర సెకను నుంచి మాత్రమే నొక్కండి. మలుపుకు బయటివైపు ఎప్పుడూ నిలబడొద్దు. జారిన సైకిలు వచ్చిపడేది అటే. లోపలివైపు గట్టెక్కి తీయండి.

ప్రశ్న: సిరొంచ దగ్గర ప్రాణహితలో తమ్ముడు కయాక్ నడుపుతుంటే ఒడ్డు నుంచి తీస్తాను. ముఖం నల్లగా వస్తోంది. కయాక్‌కు బిగించిన యాక్షన్ కెమెరా వీడియోలో నీటిచుక్క కదలకుండా కూర్చుంటోంది.

జవాబు: నీటి మీద ఎండ మెరుపు చూసి వెలుతురు ఎక్కువైందనుకుని కెమెరా మొత్తం చీకటి చేస్తోంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (ఫొటో వెలుగును పెంచి తగ్గించే సెట్టింగ్) +1 పెడితే కొంత సర్దుకుంటుంది. అంతకన్నా మంచిది, ఎండ మీ వీపున పడేలా నిలబడి పొద్దున ఎనిమిది లోపు తీయడం. ఏటవాలు ఎండ హెల్మెట్ అంచు కిందికి కూడా చేరుతుంది. పోలరైజర్ ఫిల్టర్ లెన్స్‌కు తగిలిస్తే మెరుపు తగ్గుతుంది కానీ రెండు స్టాపుల దాకా (ఒక్కో స్టాపుకు సగం చొప్పున) వెలుతురు తింటుంది. 1/1600 కాస్తా 1/400కు దిగుతుంది, తెడ్డు నుంచి ఎగిరే చుక్కలు గీతలైపోతాయి. ఇంకో కిటుకు: మీవైపు తెడ్డు రేకు నీళ్లలో ఉన్నప్పుడు నొక్కండి. అప్పుడు మీవైపు చెయ్యి కిందికి ఉంటుంది, ముఖానికి అడ్డురాదు.

చుక్క సంగతి. అద్దం మీద వేలిజిడ్డు, సన్‌స్క్రీన్ ఉంటే నీళ్లు పూసల్లా నిలబడతాయి. ముందురోజే సబ్బునీళ్లతో మెత్తగా తుడవండి. నీళ్లలోకి దిగేముందు నాలుకతో తడిపి వెంటనే ముంచడం నీటి ఆటల వాళ్లందరికీ అలవాటే. నీరు పలుచటి పొరలా పరుచుకుంటుంది. ఆరినప్పుడల్లా మళ్లీ చేయాలి. కెమెరా నీళ్లలో తేలదు కాబట్టి ఫ్లోటు, తాడు రెండూ ఉండాలి. 10 మీటర్ల వాటర్‌ప్రూఫ్ అన్న మాట బ్యాటరీ మూత గట్టిగా పడినప్పుడే. రబ్బరు సీలులో ఒక్క ఇసుక రేణువు ఉన్నా నీరు దిగుతుంది.

ప్రశ్న: మహేంద్రగిరి వైపు రాక్ క్లైంబింగ్ చేసే స్నేహితులను 249 గ్రాముల డ్రోన్‌తో తీయొచ్చా? (పర్లాకిమిడి)

జవాబు: 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల వరకు నానో తరగతి. పైలట్ లైసెన్సు అక్కర్లేదు. ప్రొపెల్లర్ గార్డులు తగిలిస్తే బరువు ఆ గీత దాటుతుంది. లైసెన్సు లేకపోయినా మ్యాపు నియమాలు తప్పవు. ప్రభుత్వ డ్రోన్ పోర్టల్ డిజిటల్ స్కైలో ఆ చోటు గ్రీన్ జోనో (ముందస్తు అనుమతి లేకుండా ఎగరేయగల ప్రాంతం) కాదో చూసుకోండి. అక్కడ కూడా హద్దు నేల నుంచి 400 అడుగులు. అది జీవవైవిధ్య వారసత్వ ప్రాంతం, పైన పాత ఆలయాలూ ఉన్నాయి. అటవీ శాఖను అడక్కుండా ఎగరేయొద్దు.

కొండల్లో అసలు తిరకాసు ఎత్తు దగ్గరే వస్తుంది. యాప్‌లో కనిపించేది మీరు ఎగరేసిన చోటు నుంచి ఎత్తు, డ్రోన్ కింద ఉన్న నేల నుంచి కాదు. శిఖరం నుంచి లోయ మీదికి పంపితే తెర మీద 100 అడుగులే ఉన్నా కింద 1,000 ఉండొచ్చు. బండ అడుగు నుంచి ఎగరేస్తే రిటర్న్-టు-హోమ్ (డ్రోన్ తనంతట తాను ఎగిరిన చోటికి తిరిగొచ్చే) ఎత్తును బండ కంటే 30 మీటర్లు ఎక్కువ పెట్టండి. సిగ్నల్ తెగితే డ్రోన్ నేరుగా రాతికి కొట్టుకోకుండా ఉంటుంది. ఆ బరువు డ్రోన్లలో చాలావాటికి గాలి హద్దు సెకనుకు 10.7 మీటర్లు. గట్టు అంచున గాలి ఒక్కసారిగా ఎగదన్నుతుంది. తాడు మీద మనిషి ఉన్నంతసేపు డ్రోన్‌ను కనీసం 15 మీటర్ల దూరంలో ఉంచండి. ఆ రొదలో, కింద తాడు పట్టినవాడు పైవాడి కేక వినలేడు.

ప్రశ్న: ఏసీ కారు దిగగానే లెన్స్ మీద మంచు పడుతోంది. (రాయగడ)

జవాబు: చల్లటి అద్దం మీద తడిగాలి చేరడమే కారణం. వెళ్లాల్సిన చోటు చేరడానికి అరగంట ముందు ఏసీ ఆపి కారు అద్దాలు దించండి. లేదా కెమెరాను జిప్‌లాక్ సంచిలో పెట్టే బయటికి తెచ్చి, సంచి చల్లదనం పోయాక తెరవండి. తుడిస్తే మళ్లీ పడుతుంది. అక్కడే లెన్స్ మాత్రం విప్పకండి, తడి సెన్సర్ దాకా పోతుంది. బ్యాగులో నీలం సిలికా జెల్ వేసి ఉంచండి. గులాబీ రంగుకు తిరిగితే తడి నిండినట్టు. వంటకు వాడని పాత మూకుడులో సన్నసెగన వేడిచేస్తే మళ్లీ నీలమవుతుంది.