బస్సులో నిలబడే చోటు లేదు, ఓఆర్ మాత్రం 74. ఎట్లా?

తిరుపతి నుంచి చిత్తూరు పోయే బస్సులో పొద్దున పూట చంద్రగిరి దాకా కాలు పెట్టే సందు ఉండదు, అడిగితే ఆర్టీసీ వాళ్లు ఆ ట్రిప్పు ఓఆర్, అంటే సీట్లు ఎంత నిండాయనే లెక్క, 74 శాతమే ఉంది ఇంకో బస్సు వెయ్యలేం అన్నారు, ఇది అబద్ధమా, అసలు బస్సుల్ని ట్రాఫిక్‌ని ఎట్లా కొలుస్తారు అని అడిగారు కదన్నా. అబద్ధం కాదు, లెక్క కరెక్టే. నేను సివిల్ ఇంజనీరింగ్ చదివేటప్పుడు ట్రాఫిక్ సర్వేల్లో కూర్చున్నా, తర్వాత మా అమ్మ కోసం రెండు నెలలు బస్సు టైములు రాసి పెట్టుకున్నా, ఆ అనుభవంతో చెప్తున్నా.

ఓఆర్ అంటే ఆక్యుపెన్సీ రేషియో. సీట్లని కిలోమీటర్లతో గుణిస్తారు, మనుషుల్ని వాళ్లు తిరిగిన కిలోమీటర్లతో గుణిస్తారు, రెండోదాన్ని మొదటిదాంతో భాగిస్తారు. 50 సీట్ల బస్సు, 70 కి.మీ. దూరం అనుకోండి, అంటే 3,500. మొదటి 15 కి.మీ. 70 మంది ఎక్కారు, అది 1,050. చంద్రగిరిలో జనం బిలబిలా దిగిపోయి మిగతా 55 కి.మీ. 28 మందే ఉన్నారు, అది 1,540. మొత్తం 2,590, అంటే 74 శాతం. మీరు నలిగిపోయిన ఆ 15 కి.మీ.లో అది 140 శాతం, కానీ ఆ 140 తర్వాతి 55 కి.మీ. ఖాళీ సీట్లలో కలిసిపోయింది. అందుకే ట్రిప్పు ఓఆర్ అడగొద్దు, స్టేజీల వారీగా అడగండి, టికెట్లు మిషన్‌లో కొడతారు కాబట్టి ఎవరు ఎక్కడ ఎక్కి ఎక్కడికి తీసుకున్నారో అందులోనే ఉంటుంది.

ఇక్కడ ఇంకో మాట, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకి ఫ్రీ బస్సు వచ్చింది కదా, మా పిన్ని ఒకరోజు ఫ్రీయే కదమ్మా టికెట్ ఎందుకులే అనేసింది, కండక్టరమ్మ ఆ రద్దీలోనే వెనక్కి వచ్చి ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టి చేతిలో పెట్టి "ఇది కొట్టకపోతే నువ్వు బస్సులో లేనట్టే పెద్దమ్మా" అనింది. అది నూటికి నూరు పాళ్లు నిజం, దయచేసి అందరూ తీసుకోండి.

ఓఆర్ కాకుండా ఆర్టీసీలో చూసేవి ఈపీకే అంటే కిలోమీటరుకి ఎంత రాబడి, కేఎంపీఎల్ అంటే లీటరు డీజిలుకి ఎన్ని కిలోమీటర్లు, ఒక్కో బస్సు రోజుకి ఎన్ని కి.మీ. తిరిగింది, 10,000 కి.మీ.కి ఎన్ని బ్రేక్‌డౌన్లు, లక్ష కి.మీ.కి ఎన్ని యాక్సిడెంట్లు, ఎన్ని కి.మీ. క్యాన్సిల్ అయ్యాయి. అన్నీ కావాల్సినవే, కాకపోతే చాలావరకు బస్సు వైపు నుంచి చూసే లెక్కలు. స్టాపులో నిలబడ్డ మనిషి ఇందులో కనపడడు.

మా అమ్మని వారానికి రెండుసార్లు రేణిగుంట నుంచి తిరుపతి ఆస్పత్రికి తీసుకుపోయేవాణ్ణి, ఎప్పుడు బయల్దేరాలో తెలియక చావొచ్చేది, అందుకే చిన్న నోటుబుక్కులో బస్సు వచ్చిన టైము రాయడం మొదలుపెట్టా. అరగంటలో రెండు బస్సులు అంటే పావుగంటకొకటి, సగటున ఏడున్నర నిమిషాలు ఆగితే చాలు అనుకుంటాం. కానీ ముందు బస్సు ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే దానికి ప్రతి స్టాపులో జనం పేరుకుపోయి ఉంటారు, వాళ్లందరూ ఎక్కేసరికి ఇంకా లేటవుతుంది, వెనకది ఖాళీగా వచ్చి దాన్ని అంటుకుంటుంది. అప్పుడు గ్యాపు 28 నిమిషాలు, తర్వాత 2 నిమిషాలు. బస్సులు అవే రెండు, కానీ మనం ఎక్కువగా ఆ పెద్ద గ్యాపులోనే వచ్చి నిలబడతాం కాబట్టి సగటు ఎదురుచూపు 13 నిమిషాలకి పోతుంది. బస్సుల సంఖ్య చూసేవాళ్లకి తేడా ఏమీ తెలియదు. లండన్‌లో బస్సులు దగ్గర దగ్గరగా తిరిగే రూట్లకి ఇదే కొలుస్తారు, టైంటేబుల్ ప్రకారం ఆగాల్సిన దానికంటే ప్యాసింజరు ఎన్ని నిమిషాలు అదనంగా ఆగాడు అని. మన దగ్గరా అది రావాలి అని నాకు గట్టిగా ఉంది.

ఇంక ట్రాఫిక్ సంగతి. తిరుపతిలో లీలామహల్ సర్కిల్ దగ్గర టీ అంగడి పక్కన కుర్చీ వేసుకుని కౌంట్ చేశాం, బైకు, ఆటో, కారు, బస్సు వేరే వేరే గడులు, నాలుగు నిలువు గీతలు ఒక అడ్డగీత అంటే ఐదు బళ్లు, పావుగంటకొక షీటు. సాయంత్రం ఒక షీటులో బళ్లు సగానికి సగం పడిపోయాయి. కాగితం మీద చూస్తే రోడ్డు ఖాళీ అనిపిస్తుంది. నిజానికి ఒక ఆటో అలిపిరి అలిపిరి అని అరుస్తూ మధ్యలో ఆగింది, దాని వెనక రెండు బస్సులు, దాని వెనక మొత్తం జామ్, అడుగు కదల్లేదు. కదలని బండిని గీత గీయలేం కదా. అప్పుడు అర్థమైంది, ఎన్ని బళ్లు పోయాయి అనేది ఒక్కటే చూస్తే చాలదు, ఎంత సేపట్లో పోయాయి అనేది కూడా పక్కన పెట్టుకోవాలని. అందుకే బైకు మీద అదే రోడ్డులో పోతూ వస్తూ టైము కూడా తీశాం. తిరుమల ఘాట్ రోడ్డు మీద కింద టైము వేసి పైన చూస్తారు చూడండి, ఎక్కడానికి 28 నిమిషాలకి తక్కువ, దిగడానికి 40కి తక్కువ పట్టకూడదని, పద్ధతి అదే, రెండు చోట్ల టైము రాసుకోవడం.

ఆ గీతల్ని తర్వాత పీసీయూల్లోకి మారుస్తారు, అంటే కారుతో పోలిస్తే ఎంత చోటు తింటుందని. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) 106 అని 1990 నాటి కోడ్ ఉంది, అందులో కారు 1, బైకు 0.5 నుంచి 0.75, ఆటో 1.2 నుంచి 2, బస్సు 2.2 నుంచి 3.7. ఒక బస్సులో 60 మంది ఉన్నా అది ఎక్కువలో ఎక్కువ 3.7, అదే 60 మంది బైకుకి ఇద్దరు చొప్పున పోతే 30 బైకులు, 0.75 చొప్పున 22.5. ఈ లెక్క ప్రతి మీటింగులో చెప్పాల్సింది, కానీ రిపోర్టులో బళ్లే ఉంటాయి, మనుషులు ఉండరు.

సర్వే ఏ రోజు అనేది కూడా అడగండి. మామూలు ఊళ్లలో మంగళ, బుధ, గురువారాలు తీసుకుంటారు, తిరుపతికి అది కుదరదు, ఇక్కడ అసలు రద్దీ శని ఆదివారాలది, పెరటాసి (సెప్టెంబరు, అక్టోబరులో వచ్చే తమిళ నెల) శనివారాలైతే చెప్పనక్కర్లేదు.

మీ బస్సు విషయానికి, ఒక పదిహేను రోజులు టైము, నిలబడ్డవాళ్ల సంఖ్య, ఏ స్టాపు దాకా అనేది రాయండి, డయల్ యువర్ డీఎం (డిపో మేనేజరే ఫోన్ ఎత్తి మాట్లాడే కార్యక్రమం) పెట్టిన రోజు ఫోన్ చేసి చిత్తూరుకి ఇంకో బస్సు అనకుండా పొద్దున చంద్రగిరి దాకా ఒక షార్ట్ ట్రిప్పు అడగండి, స్టేజీ వారీ లెక్క చూడమనండి. నా నోటుబుక్కు గడులు ఎట్లా గీసుకున్నానో కావాలంటే ఇక్కడే అడగండి, పెడతా.