తపస్సుకాలంలో గురువుల కోసం ఎలా ప్రార్థించాలి? దేవరహస్యాల ధ్యానాన్ని ఆ ప్రార్థనతో ఎలా కలుపుకోవాలి?

మీ ప్రశ్నలో మూడు ప్రశ్నలు ఉన్నాయి. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో గురువుల కోసం, అంటే కతోలిక యాజకుల కోసం, ప్రతిరోజూ ప్రార్థించాలని మొదలుపెడితే కొద్ది రోజులకే అది చెప్పిన మాటలనే మళ్ళీ చెప్పడంగా మారిపోతోందని అన్నారు. జపమాల చెబుతూ ధ్యానించే దేవరహస్యాలను (ప్రభువు, మరియమ్మల జీవిత ఘట్టాలను), ప్రభువు శ్రమలను స్థలం స్థలంగా ధ్యానించే సిలువమార్గాన్ని ఈ ప్రార్థనతో ఎలా కలపాలని అడిగారు. ఒక గురువు ప్రవర్తన వల్ల మనసు గాయపడి ఉన్నప్పుడు ఆయన కోసం నటన లేకుండా ప్రార్థించడం సాధ్యమేనా అని కూడా అడిగారు. నేను గురువును కాను, మఠవాసినీ కాను. సంసారంలో ఉంటూ చాలా తపస్సుకాలాలుగా ఈ అలవాటును కొనసాగిస్తున్న విశ్వాసిని మాత్రమే. అందువల్ల నా ఆచరణలో నిలిచినవాటినే ఇక్కడ రాస్తున్నాను.

ఈ ప్రార్థనకు దారి చూపే వాక్యం నాకు గురుపట్టాభిషేక సాంగ్యంలో దొరికింది. అభిషేకం పొందిన కొత్త గురువు చేతుల్లో మేత్రాణులు (బిషప్పు) అప్పం ఉన్న పళ్ళేన్ని, ద్రాక్షరసం ఉన్న పాత్రను ఉంచి, నీవు చేయబోయేదేమిటో గ్రహించు, నీవు కొనియాడేదాన్ని అనుసరించు, ప్రభువు సిలువ రహస్యానికి తగినట్లుగా నీ జీవితాన్ని మలచుకో అనే అర్థం గల మాటలు పలుకుతారు. పట్టాభిషేకం ఒక్క రోజులో ముగుస్తుంది. ఈ ఆజ్ఞను నెరవేర్చడానికి మాత్రం ఆయనకు జీవితమంతా పడుతుంది, చాలాసార్లు అది సగంలోనే ఆగినట్లు కూడా కనిపిస్తుంది. గురువుల కోసం మనం చేసే ప్రార్థన ఈ ఆజ్ఞ పక్కన నిలబడాలని నా అభిప్రాయం. మా గురువులను దీవించు ప్రభువా అని అడగడంలో తప్పేమీ లేదు, కానీ ఏ దీవెన కావాలో అందులో స్పష్టంగా ఉండదు. ఆయన బలిపీఠం మీద ఏ రహస్యాన్ని చేతుల్లోకి తీసుకుంటున్నారో ఆ రహస్యమే ఆయన మాటలోకి, ఓర్పులోకి, ఒంటరితనంలోకి రావాలని అడిగినప్పుడు, ఏ రోజు ఏమి కోరుకోవాలో ఆ రోజు ధ్యానించే దేవరహస్యమే చెబుతుంది.

జపమాల విషయానికి వస్తే, ప్రభువు శ్రమలను, మరణాన్ని ధ్యానించే అయిదు దుఃఖ దేవరహస్యాలు మంగళవారానికి, శుక్రవారానికి చెందినవని మీకు తెలిసే ఉంటుంది. 2002లో పోపు రెండవ జాన్ పాల్ వెలుగు దేవరహస్యాలను ప్రతిపాదించి, వాటికి గురువారాన్ని సూచించారు. వాటిలో అయిదవది దివ్యసత్ప్రసాద స్థాపన, అంటే కడరా భోజనంలో ప్రభువు అప్పాన్ని, ద్రాక్షరసాన్ని తన శరీర రక్తాలుగా ఇచ్చిన ఘట్టం. ఈ అమరిక వల్ల గురువారం నాడు కడరా భోజనపు బల్ల దగ్గర ముగిసే జపమాల, శుక్రవారం నాడు గెత్సేమని తోటలో మొదలవుతుంది. తపస్సుకాలంలో ఈ రెండు రోజులను నేను గురువులకే కేటాయించాను, మిగిలిన రోజుల్లో ఇతర అక్కరల కోసం ప్రార్థిస్తాను. వారమంతా ఒకే ఉద్దేశంతో ప్రార్థించాలని పట్టుబట్టడం కంటే ఇది మేలని నాకు అనిపించింది.

తోటలోని ఆవేదన దగ్గర నేను ఎక్కువసేపు ఆగుతాను. పేతురును, యాకోబును, యోహానును ప్రభువు వెంట తీసుకువెళ్ళి మెలకువగా ఉండమని కోరారు. అదే రాత్రి ఆయన చేతి నుంచి అప్పాన్ని, పాత్రను అందుకున్నవారు ఆ తోటలో నిద్రపోయారు. గురువుల బలహీనత గురించి మాట్లాడేటప్పుడు ఇది తిరుసభకు కొత్తగా వచ్చిన సమస్య అన్నట్లు మనం మాట్లాడతాం కానీ, మొదటి దివ్యసత్ప్రసాదానికి, మొదటి నిద్రకు మధ్య గడిచింది కొద్ది గంటలు మాత్రమే. ఇక మీ మొదటి సందేహానికి సమాధానం కూడా ఈ రహస్యంలోనే ఉంది. ప్రభువు మూడవసారి వెళ్ళి మళ్ళీ అవే మాటలతో ప్రార్థించారని మత్తయి సువిశేషం 26వ అధ్యాయం చెబుతోంది. మాటలు మారకపోవడం ప్రార్థన ఎండిపోయిందనడానికి గుర్తు కాదు. అంతేకాదు, మనసు సహకరించని రోజున కూడా పూజలోని మాటలను అలాగే పలకవలసిన బాధ్యత గురువుది. విసుగు పుట్టిన రోజున ఆ విసుగుతోనే మీరు జపమాల చెబితే, ఆయన మోసే భారంలో కొంత మీకూ అర్థమవుతుంది.

కొరడా దెబ్బల రహస్యంలో వృద్ధులైన, వ్యాధిగ్రస్తులైన గురువులను తలచుకుంటాను. దాని గురించి వివరించవలసింది పెద్దగా లేదు. ముళ్ళ కిరీటం దగ్గర మాత్రం చాలామంది గమనించని ఒక విషయం ఉంది. సైనికులు ప్రభువును కొట్టడంతో ఆగలేదు, ఆయనకు రాజవస్త్రం తొడిగి, మోకాళ్ళూని, నమస్కారం కూడా చేశారు. అవమానం అక్కడ గౌరవం వేషంలో వచ్చింది. గురువుకు నింద ఎంత హాని చేస్తుందో పొగడ్త కూడా అంతే హాని చేయగలదని నేను నమ్ముతాను, ఆయన చుట్టూ చేరి ప్రతి మాటకూ తల ఊపే మనలాంటివారికి అందులో వాటా ఉంది. అందుకని ఈ రహస్యంలో రెండు కోరికలు కోరతాను: ఎగతాళికి గురైన గురువు కుంగిపోకూడదని, ప్రశంసలు అందుకునే గురువు వాటిని నమ్మకూడదని. సిలువ మోయడంలో పని ఒత్తిడితో అలసినవారిని స్మరిస్తాను. సిలువపై మరణంలో, చివరి గడియలో పశ్చాత్తాపపడిన దొంగకు పరలోకాన్ని వాగ్దానం చేసిన ప్రభువును చూస్తూ, పాపసంకీర్తనం (విశ్వాసుల పాపాల ఒప్పుకోలు) వినే గురువులందరికీ ఆ తొందర, ఆ ఉదారత ఇవ్వమని అడుగుతాను.

సిలువమార్గంలోని 14 స్థలాలలో మూడు పతనాలు ఉన్నాయి: మూడవది, ఏడవది, తొమ్మిదవది. సువిశేషాలలో ఈ పతనాల ప్రస్తావన లేదు, ఇవి భక్తి సంప్రదాయం అందించినవి. అయినా గురువుల కోసం ప్రార్థించేవారికి ఇవి చాలా ఉపయోగపడతాయి. మొదటి పతనం దగ్గర పట్టాభిషేకం పొంది కొద్ది కాలమే అయిన గురువులను, రెండవ దాని దగ్గర మధ్యవయసులో ఉత్సాహం తగ్గినవారిని, మూడవ దాని దగ్గర గురుత్వ సేవను విడిచి వెళ్ళినవారిని తలచుకుంటాను. వెళ్ళిపోయినవారి పేర్లు సంఘంలో ఎవరూ ఎత్తరు, వారి కోసం ప్రార్థించడం కూడా ఆగిపోతుంది. ఇది మనం చేసే అన్యాయాలలో ఒకటని నా అభిప్రాయం. అయిదవ స్థలంలో సిలువ మోయడానికి బలవంతం మీద వచ్చిన సిరేనీయుడైన సీమోను కనిపిస్తాడు. గురువుల కోసం ప్రార్థించడానికి మనసు రావడం లేదని అనేవారికి నేను ఈ స్థలాన్నే చూపిస్తాను, ఎందుకంటే అతడు ఇష్టపడి రాకపోయినా సిలువ బరువులో కొంత అతని భుజం మీదికి వచ్చింది.

ఇప్పుడు మీ కష్టమైన ప్రశ్నకు వస్తాను. మా కుటుంబం దుఃఖంలో ఉన్న సమయంలో ఒక గురువు మాతో కఠినంగా మాట్లాడారు. ఆయన పూజ చేస్తున్నప్పుడు కూర్చుని వినడమే నాకు చాలాకాలం కష్టంగా ఉండేది. ఆ కాలంలో రెండు విషయాలు నాకు సహాయపడ్డాయి. మొదటిది, పాపి అయిన గురువు ఇచ్చే సంస్కారం చెల్లదన్న దొనాతువాదులతో వాదించిన పునీత అగస్టీను బోధ: పేతురు జ్ఞానస్నానం ఇచ్చినా, ప్రభువును అప్పగించిన యూదా ఇచ్చినా, నిజంగా జ్ఞానస్నానం ఇచ్చేది క్రీస్తే అని ఆయన స్పష్టం చేశారు. సంస్కారం ఫలించడానికి గురువు పవిత్రత షరతు కాదు గనుక, ఆయన మీద నాకున్న కోపం నాకూ దివ్యసత్ప్రసాదానికీ మధ్య అడ్డుగా నిలవవలసిన అవసరం లేదని అర్థమైంది. రెండవది, హెబ్రీయులకు రాసిన లేఖలోని 5వ అధ్యాయం. ప్రధాన యాజకుడు మనుషులలోనుంచి ఎన్నుకోబడినవాడని, తానూ బలహీనుడు గనుక ప్రజల పాపాల కోసమే కాక తన పాపాల కోసం కూడా బలి అర్పించాలని అక్కడ ఉంది. ఆ కాలంలో నేను ఆయన గురించి మంచి మాటలు కల్పించుకుని ప్రార్థించలేదు. ప్రభువా, ఈయన చేతుల్లో నిన్ను నీవు ఉంచుకున్నావు, అది నాకు అర్థం కావడం లేదు, అయినా ఈయనను విడిచిపెట్టకు అని మాత్రమే చెప్పేవాణ్ణి. ఆ గురువు మారారో లేదో చెప్పలేను. ఆయన పేరు వినగానే బిగుసుకునే అలవాటు మాత్రం నాలో క్రమంగా తగ్గింది.

ఇక్కడ ఒక హెచ్చరిక తప్పనిసరి. మీ గాయం కఠినమైన మాటకు పరిమితమైతే నేను చెప్పినది సరిపోతుంది. అది లైంగిక వేధింపు లేదా పిల్లల మీద జరిగిన అఘాయిత్యం అయితే, ప్రార్థన పేరుతో మౌనంగా ఉండకూడదు. పోలీసులకు, తిరుసభ అధికారులకు ఫిర్యాదు చేయాలి. 2019లో పోపు ఫ్రాన్సిస్ జారీ చేసిన ఆదేశం, ఇలాంటి విషయం తమ దృష్టికి వచ్చినప్పుడు తిరుసభ అధికారులకు తెలియజేయడాన్ని గురువులకు, మఠవాసులకు విధిగా చేసింది. నేరం చేసిన గురువు కోసం కూడా ప్రార్థించవచ్చు, అయితే గాయపడిన వ్యక్తిని ముందుగా ఆ ప్రార్థన చేయమని ఒత్తిడి చేసే హక్కు ఎవరికీ లేదు.

గురువుల కోసం ప్రార్థించడానికి ప్రత్యేక సమయం దొరకనివారికి దివ్యబలిపూజలోనే చోటు ఉంది. సువిశేషం చదివే ముందు గురువు బలిపీఠం ఎదుట వంగి, తన హృదయాన్ని, పెదవులను శుద్ధి చేయమని దేవుణ్ణి మెల్లగా వేడుకుంటారు. అర్పణ సమయంలో చేతులు కడుక్కుంటూ, నా దోషాన్ని కడిగివేయి అని 51వ కీర్తన భావంతో ప్రార్థిస్తారు. తాను సత్ప్రసాదం స్వీకరించే ముందు, నీ నుంచి నన్ను ఎన్నడూ విడిపోనివ్వకు అని ప్రభువును అడుగుతారు. ఈ మాటలు సాధారణంగా మనకు వినిపించవు, మనం ఆ క్షణాల్లో పాట మీదనో పక్కవారి మీదనో దృష్టి పెడతాం. తపస్సుకాలంలో ఈ మూడు చోట్లా మనసులోనే ఆయనతో గొంతు కలపడం నేను అలవాటు చేసుకున్నాను. దీనికి అదనపు సమయం ఏమీ పట్టదు. పైగా ఈ బాధ్యత ఒకవైపు నుంచే ఉందని అనుకోనవసరం లేదు: ప్రతి ఆదివారం, తప్పనిసరి పండుగ రోజుల్లో తనకు అప్పగించిన ప్రజల కోసం ఒక పూజను అర్పించాలని తిరుసభ చట్టంలోని 534వ నియమం విచారణ గురువును, అంటే స్థానిక సంఘాన్ని చూసుకునే గురువును, ఆదేశిస్తోంది. మీ పేరు తెలియని గురువు కూడా మీ కోసం ఆ పూజ చేస్తున్నారు.

ఎవరి కోసం ప్రార్థించాలనే విషయంలో ఫ్రాన్సుకు చెందిన కార్మెల్ మఠవాసిని పునీత చిన్న తెరేజమ్మ నుంచి ఒక పద్ధతి నేర్చుకున్నాను. 1887లో రోముకు చేసిన యాత్రలో ఆమె అనేకమంది గురువులను దగ్గరగా చూసి, వారి పిలుపు ఎంత గొప్పదైనా వారు బలహీనులైన మనుషులేనని గ్రహించింది. మరుసటి సంవత్సరం కార్మెల్ మఠంలో చేరిన ఆమె, ఆత్మలను రక్షించడానికి, ముఖ్యంగా గురువుల కోసం ప్రార్థించడానికి తాను వచ్చానని తరువాత చెప్పింది. జీవితపు చివరి సంవత్సరాలలో గురుత్వ మార్గంలో ఉన్న ఇద్దరిని ఆధ్యాత్మిక సోదరులుగా ఆమెకు అప్పగించగా, వారికి ఉత్తరాలు రాస్తూ, తన బాధలను వారి కోసం అర్పించింది. గురువులందరి కోసం అనే విశాలమైన ఉద్దేశం మంచిదే, కానీ అది త్వరగా గాలిలో కలిసిపోతుంది. అందుకే నాకు జ్ఞానస్నానం ఇచ్చిన గురువు, మొదటి సత్ప్రసాదం ఇచ్చినవారు, నా వివాహాన్ని జరిపించినవారు, మా నాన్నగారికి చివరి అభ్యంగనం ఇచ్చినవారు అంటూ ఒక చిన్న పట్టిక రాసుకున్నాను. శుక్రవారపు మాంస వర్జనను ఒక్కో వారం ఆ పట్టికలోని ఒక్కొక్కరి కోసం అర్పిస్తాను. వారిలో కొందరు ఇప్పుడు జీవించి లేరు. వారి ఆత్మశాంతి కోసం ప్రార్థించడం కూడా ఇందులో భాగమే.

చివరగా పవిత్ర వారం. తైలాలను ఆశీర్వదించే పూజలో గురువులు తమ మేత్రాణుల ఎదుట పట్టాభిషేకం నాటి వాగ్దానాలను నూతనీకరించుకుంటారు, ఆ వెంటనే మేత్రాణులు ప్రజల వైపు తిరిగి గురువుల కోసం, ఆ తరువాత తన కోసం కూడా ప్రార్థించమని కోరతారు. ఈ పూజ పవిత్ర గురువారం ఉదయం గానీ దానికి దగ్గరలోని మరో రోజున గానీ జరుగుతుంది. వీలైతే తప్పకుండా వెళ్ళండి, ఎందుకంటే చాలామంది విశ్వాసులు దీన్ని గురువులకు మాత్రమే సంబంధించిన కార్యక్రమంగా భావించి దూరంగా ఉండిపోతారు. పవిత్ర శుక్రవారం ఆరాధన మొదట్లో గురువు ఎర్రని వస్త్రాలలో వచ్చి, బలిపీఠం ఎదుట నేల మీద సాష్టాంగపడతారు లేదా మోకరిస్తారు. పట్టాభిషేకం రోజున సకల పునీతుల ప్రార్థన సాగుతుండగా ఆయన అలాగే నేల మీద పడి ఉన్నారు. సిలువ రహస్యానికి తగినట్లుగా జీవితాన్ని మలచుకోమన్న ఆ ఆజ్ఞ కోసం ప్రార్థించడానికి సంవత్సరం మొత్తంలో దీనికి మించిన సమయం నాకు తెలియదు. ఆ తరువాత వచ్చే పది విన్నపాలలో మూడవది మేత్రాణుల కోసం, గురువుల కోసం, డీకన్ల (గురువుల తరువాతి శ్రేణిలోని అభిషిక్త సేవకుల) కోసం, విశ్వాసులందరి కోసం చేసేది. మీరు ఈ సమాధానం చదివేసరికి తపస్సుకాలం సగం దాటిపోయి ఉంటే, పోయిన రోజులను లెక్కపెట్టకుండా, మీ పట్టికలోని పేర్లను రాసుకుని, ఆ మూడవ విన్నపం సమయంలో మౌనంగా వాటిని తలచుకోవడంతో మొదలుపెట్టండి.