ఎంబ్రాయిడరీకి రింగు తప్పనిసరా? పెడితే గుడ్డ పాడవుతోంది, చేత్తో పట్టుకుని కుట్టకూడదా?

రింగు లేకుండా కుడితే అది ఎంబ్రాయిడరీయే కాదని మీ టీచరమ్మ చెప్పిందని రాశారు. ఆవిడ మా అత్తను చూసి ఉండదు. మార్కాపురం వైపు తండాల్లో లంబాడీ ఆడవాళ్ళను కూడా చూసి ఉండదు. వాళ్ళు ముతక గుడ్డ ఒళ్ళో వేసుకుని, అద్దం బిళ్ళను బొటనవేలితో అదిమిపెట్టి, మాటల్లో పడి చుట్టూ కుట్టేస్తారు. రింగూ లేదు, గింగూ లేదు. గుడ్డన్నా చిరుగుతుందేమో గానీ ఆ అద్దం ఊడదు.

అట్లాగని రింగు వద్దని నేను చెప్పను. (రింగంటే ఒకదానిలో ఒకటి ఇమిడే రెండు వలయాలు. మధ్యలో గుడ్డ పెట్టి, బయటి వలయానికి ఉన్న మర తిప్పి బిగిస్తాం.) గుడ్డ పాడవుతోందని అడిగారు కదా, నా దగ్గర పాడైన గుడ్డ కథ ఒకటుంది. ముందు అది వినండి.

నా పెళ్ళి 1993లో. పుట్టిల్లు కావలి, మెట్టినిల్లు కోవూరు. ఇంటర్ సెలవుల్లో మూడు నెలలు కుట్లు నేర్చుకున్నాను కాబట్టి నాకు రానిది లేదనుకునేదాన్ని. సారెతో పాటు ఎనిమిదంగుళాల చెక్క రింగు కూడా ఎత్తుకొచ్చా. మొదటి సంక్రాంతికి మా ఆడబిడ్డ వస్తుందంటే, కొత్తగా కొన్న టీవీ మీదికి హంసల గుడ్డ కుడతానని నేనే గొప్పగా మాటిచ్చా. ఆ రోజుల్లో టీవీ ఉన్న ప్రతి ఇంట్లో దాని మీద ఎదురెదురుగా రెండు హంసలు, మధ్యలో ఒక తామరపువ్వు ఉండి తీరాలి. ఎవరు పెట్టారో ఆ చట్టం!

అత్త తన పాత వెంకటగిరి చీర తెల్లది, ఒంటికి తగిలితే తగిలినట్టే ఉండనంత మెత్తనిది, చించి ఇచ్చింది. అత్త పుట్టిల్లు వెంకటగిరి, నేత ఇంటి మనిషి. (2022లో జిల్లాలు చీల్చినప్పుడు వెంకటగిరిని తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, మా నోటికి అది నెల్లూరు వెంకటగిరే.) గుడ్డ డప్పులా మోగాలని మాకు క్లాసులో చెప్పారు. సరే, మోగించా. నాలుగు మూలలూ పట్టి ఒక్కో మూల లాగుతూ మర బిగించా, వేలితో కొడితే టంగుమంది. ఆ బిగువు మీదనే కార్బన్ పేపరు పెట్టి హంసలను దించా. దారం ఆరు పోగులూ విడదీయకుండా సూదికెక్కించి శాటిన్ కుట్టు, అంటే దారాన్ని పక్కపక్కనే పరుస్తూ బొమ్మను నింపే కుట్టు, మొదలుపెట్టా.

నవంబరులో మొదలైన పని జనవరి దాకా సాగింది. ముసురు పట్టినప్పుడు కుట్టలేదు, కరెంటు పోయినప్పుడు కుట్టలేదు. కుట్టని రోజుల్లో రింగుతో సహా కిటికీ పక్కన పెట్టేసేదాన్ని. విప్పితే మళ్ళీ బిగించాలి కదా అని బద్ధకం.

భోగి ముందు రోజు రాత్రి అందరినీ కూర్చోబెట్టుకుని మర వదులు చేశా. గుడ్డ ఒక్కసారి ఊపిరి వదిలినట్టు వెనక్కి పోయింది. హంసల మెడలు కుంచించుకుపోయాయి, పొట్టలు పక్కకు ఉబ్బాయి. చుట్టూ గుడ్డంతా ఎండిన గుమ్మడి వడియంలాగా ముడతలు. వాటి చుట్టూ గుండ్రంగా మట్టిరంగు గీత, మర ఉన్నచోట తుప్పు మచ్చ. ఎవరూ మాట్లాడలా. అత్త దగ్గరికి తీసుకుని చూసి, "బాతులు బలే ఉండాయమ్మే. ఇంక హంసలు కుట్టు" అనింది.

మా ఆడబిడ్డ ఇప్పటికీ ఫోన్ చేస్తే బాతులెట్లున్నాయి వదినా అంటుంది.

మర్నాడు అత్త నా ఎదురుగా అదే గుడ్డను వెలుతురుకు పట్టి చూపించింది. "గుడ్డకు దారులు రెండే. నిలువు పోగు పడుగు, అడ్డం పోగు పేక. ఆ రెండు దారుల్లో లాగితే అది బిగుసుకుంటాది. ఐమూలగా లాగితే సాగతాది, నీ మాట విన్నట్టే ఉంటాది. వదిల్తే మళ్ళా తన ఇంటికి పోతాది." ముప్పై ఏళ్ళలో నేను చూసిన క్లాసులు, వీడియోలు ఏవీ ఈ ముక్క ఇంత సూటిగా చెప్పలేదు. ఇప్పుడు నేను ముందు మర వదులుగా ఉంచి, నిలువుకొకసారి అడ్డానికొకసారి నెమ్మదిగా సర్ది, చివర్లో బిగిస్తా. పోగులు గీత గీసినట్టు నిటారుగా కనపడితేనే సూది పెడతా. బొమ్మ కూడా రింగెక్కించక ముందే, బల్ల మీద పరిచి దించుతా.

గుండ్రటి మచ్చ సంగతి. అది రింగు తప్పు కాదు, మన నిద్ర తప్పు. ఆ పూట పని అయిపోయిందంటే రింగు విప్పాల్సిందే, టీ తాగడానికి లేస్తే ఫరవాలేదు. లోపలి రింగుకు తెల్ల నాడా ఏటవాలుగా, సందు లేకుండా చుట్టి చివర కుట్టేయండి. గుడ్డ జారదు, ఒత్తిడి మెత్తగా పడుతుంది, మర అంత బిగించే పని ఉండదు. రింగును గడియారం అనుకుని, మర 10, 11 గంటల మధ్య ఉండేట్టు పట్టుకుంటే దారం దానికి తగులుకోదు. ఎడమచేతి వాటం వాళ్ళకు 1, 2 మధ్య. నా టీవీ గుడ్డ గీత రాత్రంతా చల్లనీళ్ళలో నానబెడితే పోయింది. తుప్పు మాత్రం నిమ్మకాయ, ఉప్పు రుద్దినా సగమే పోయింది.

ఇక చేత్తోనా, రింగుతోనా అంటే, కుట్టును బట్టి. గొలుసు కుట్టు, కాడ కుట్టు అత్త రింగు లేకుండానే కుట్టేది. గుడ్డను ఎడమ చూపుడువేలి మీద పరిచి, సూదిని ఇటు దించి అటు తీయడం ఒక్క ఊపులో అయిపోయేది. బిగించిన రింగులో అట్లా కుదరదు, సూదిని కిందికి పూర్తిగా దించి మళ్ళీ పైకి తేవాలి, కాబట్టి ఆలస్యం. శాటిన్, లాంగ్ అండ్ షార్ట్ లాంటి నింపే కుట్లకు మాత్రం రింగు లేకపోతే దారం గుడ్డను లాగేసి ముడతలు పడతాయి. సూదికి దారం చుట్టి వేసే ముడి, ఫ్రెంచ్ నాట్‌కు రెండు చేతులూ కావాలి, రింగును బల్ల అంచుకూ పొట్టకూ మధ్య ఆనించుకోండి. దారం రెండు పోగులు చాలు, నాలాగా ఆరూ ఎక్కించకండి.

కొనేటప్పుడు చవక ప్లాస్టిక్ రింగు జోలికి పోవద్దు. చూడ్డానికి రంగురంగులుగా బాగుంటాయి, నాలుగు సార్లు బిగిస్తే పట్టు జారుతాయి. ఫ్యాన్సీ అంగళ్ళలో దొరికే చెక్కవీ అంతంత మాత్రమే, లోపల గరుకు పేళ్ళు లేచి ఉంటాయి, సన్నటి ఉప్పుకాగితంతో రుద్దుకోవాలి. ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు ఎంత నున్నగా చెక్కుతారో! ఆ చేతులు రెండు రింగులు చేసిపెడితే నేను జన్మంతా వాళ్ళ పేరు చెప్పుకుంటా.

ఇంకో బాధ. నాకు ఎంబ్రాయిడరీ వచ్చంటే చాలు, "మగ్గం వర్కా అక్కా, జాకెట్‌కు ఎంత తీసుకుంటావు?" అంటారు. మగ్గం వేరు తల్లీ. అక్కడ పైచేతిలో కొక్కెం సూది, గుడ్డ కింద రెండో చెయ్యి దారం అందిస్తుంటుంది. పట్టుకోవడానికి మూడో చెయ్యి లేదు కాబట్టి గుడ్డను నాలుగు కర్రల చట్రానికి కట్టి నిలబెట్టాలి. నా రింగు నా చేతిలో ఉంటుంది, నాతోపాటు వరండాలోకి వస్తుంది. రెండింటికీ ఒకే కూలి కడతామంటే ఎట్లా? అది కూడా ఎల్లుండి పెళ్ళి పెట్టుకుని ఈ రోజు గుడ్డ తెచ్చి!

మీ గుడ్డ ఏ రకమో రాయలేదు. పట్టు అయితే నేను చెప్పిన నానబెట్టే పని చెయ్యకండి, రంగు దిగుతుంది. పట్టును నేరుగా రింగులో కూడా పెట్టొద్దు. పెద్ద మల్లు గుడ్డ (పల్చటి నూలు గుడ్డ) రింగుకు బిగించి, పట్టు ముక్కను దాని మీద పరిచి చుట్టూ టాకాలు వేయండి. బొమ్మ అంతా కుట్టాక వెనక మిగిలిన మల్లు గుడ్డ కత్తిరించెయ్యచ్చు. కత్తెర చిన్నది వాడండి, ఒకసారి పెద్దదానితో పట్టునే కత్తిరించేశా, ఆ కథ ఇంకోసారి.