కిరీటం దగ్గర ఆగిపోకు, పాదాల కింద చూడు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

మ్యూజియంలో గ్రీకు, రోమన్ నగర దేవతల నాణేలకూ బొమ్మలకూ జాబితా రాసే పని నీకు అప్పగించారని అమ్మ చెప్పింది. పని మొదలుపెట్టే ముందే ఈ నాలుగు మాటలు చదువుకో తల్లీ.

ఈ దేవతను గ్రీకులు టూఖే అన్నారు. ఇంగ్లీషు పుస్తకాల్లో టైకీ అని కనిపిస్తుంది. మాటకు అర్థం అదృష్టం. అది ఎప్పుడు ఎటు తిరుగుతుందో తెలియదు కాబట్టే, తమ ఊరి పాలిటిది నిలకడగా ఉండాలని ఆమెకు గుళ్లు కట్టారు, నాణేల మీద ముద్రించుకున్నారు. జాబితాలో ‘గ్రామదేవత’ అని మాత్రం రాయకు. మన పోలేరమ్మ పొలిమేరలో ఉండి ఊరిని కాస్తుంది. టూఖే అలా కాదు, ఆ ఊరే ఆడరూపం దాల్చింది. తల మీద బురుజులతో కోట గోడ ఉండేది అందుకే.

కొత్తవాళ్లు చేసే పెద్ద తప్పు ఆ కోట కిరీటం కనపడగానే ‘ఆంటియోక్ టైకీ’ (ఇప్పటి టర్కీలో ఉన్న ఆంటియోక్ నగర దేవత) అని రాసేయడం. కిరీటం చెప్పేది ఇది నగరం అని మాత్రమే. ఏ నగరమో పాదాల దగ్గర తెలుస్తుంది. గుళ్లో మూర్తి మొహం అరిగిపోతే పీఠం మీది వాహనం చూసి పోల్చుకుంటాం కదా, ఇక్కడా కింది నుంచి పైకి చదవడం అలవాటు చేసుకో.

ఆంటియోక్ దేవతనే తీసుకో. క్రీ.పూ. 300లో అలెగ్జాండర్ సేనానుల్లో ఒకడైన సెల్యూకస్ ఆ నగరాన్ని స్థాపించాక, గ్రీకు శిల్పి లిసిప్పస్ శిష్యుడు యూటికిడీస్ ఈమెను కంచుతో చేశాడు. అసలు విగ్రహం పోయింది. రోమన్ కాలపు చిన్న పాలరాతి నకలు వాటికన్‌లో ఉంది. దేవత కొండరాతి మీద కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటుంది. ఆ రాయి సిల్పియస్ కొండ. పాదం కింద ఈదుతూ పైకి లేస్తున్న కుర్రవాడు ఒరాంటిస్ నది. పాలరాతి బొమ్మలో చేతిలో గోధుమ కంకులు ఉన్నాయి. ఆర్మేనియా రాజు టిగ్రేనీస్ ఆ నగరాన్ని పట్టుకున్నాక వేయించిన వెండి నాణెం మీద అదే దేవత ఖర్జూరపు మట్ట పట్టుకుంది. చేతిలో వస్తువు మారింది, కొండా నదీ మారలేదు. పైగా పాత పాలరాతి బొమ్మల్లో చేతులు తరచుగా తర్వాతి శిల్పులు అతికించినవి. అతుకు గీత కోసం మోచేయి, మణికట్టు, మెడ చుట్టూ టార్చి పక్కవాటుగా వేసి చూడు. అతికించిన చేతిలో ఉన్నదాన్ని ఆధారంగా తీసుకోకు.

ఇంకో చిక్కుంది. ఆంటియోక్ నమూనా అందంగా ఉందని చుట్టుపక్కల ఊళ్లన్నీ దించుకున్నాయి. కింద ఈదేవాడు టార్సస్‌లో కిడ్నస్ నది, డమాస్కస్‌లో క్రిసోరోయాస్ నది, పాల్మిరాలో ఎఫ్కా ఊట. 3వ శతాబ్దంలో ఆంటియోక్ నాణేల మీద దేవత తల పైన పొట్టేలు దూకుతూ ఉంటుంది. మెసొపొటేమియాలోని నిసిబిస్ నగరం నాణేల మీదా అంతే! ఇక్కడ తేల్చేది అక్షరాలే. గ్రీకు నాణెం మీద ఊరి పేరు చివర తరచుగా ‘ఓన్’ వస్తుంది. ‘ఆంటియోఖెయోన్’ అంటే ఆంటియోక్ వారిది అని. నిసిబిస్ అయితే ‘నెసిబి’ అన్న అక్షరాలు వెతుకు. అంచు తెగిపోయి పేరు దొరక్కపోతే ‘నగర దేవత, ఊరు తేలలేదు’ అని రాయి. తప్పు పేరు కంటే అది వెయ్యి రెట్లు నయం.

కిరీటం ఒకటే చూసి తల్లి దేవత సిబెలీని కూడా టూఖే అనుకుంటారు. ఆమెకూ బురుజులు ఉంటాయి. పక్కన సింహం, చేతిలో డప్పు ఉంటే సిబెలీ అనుకో. చుక్కాని, సమృద్ధి కొమ్ము (పండ్లూ ధాన్యం నిండిన కొమ్ము) ఉండి బురుజులు లేకపోతే చాలావరకు రోమన్ల అదృష్ట దేవత ఫార్చూనా. గెటీ మ్యూజియంలో ఒక రోమన్ స్త్రీ విగ్రహానికి కోట కిరీటం, సింహం, కంకులు, గసగసాల కాయలు, కొమ్ము, చుక్కాని అన్నీ ఉన్నాయి. అలాంటిది ఎదురైతే బలవంతంగా ఒక్క పేరుకు కట్టేయకు. ఉన్నవన్నీ వరుసగా రాయి.

బురుజులు లేని నగరాలూ ఉన్నాయి. రోమ్ నగర దేవత రోమాకు శిరస్త్రాణం. అలెగ్జాండ్రియా ఒక్కోసారి తల మీద ఏనుగు తల తోలు కప్పుకుంటుంది. 1793లో రోమ్‌లో దొరికిన ఎస్క్విలిన్ నిధిలో ఈ రెండు నగరాలూ, కాన్‌స్టాంటినోపుల్, ఆంటియోక్ చిన్న వెండి బొమ్మలుగా ఉన్నాయి. బ్రిటిష్ మ్యూజియం వారి ఫొటోలు నాలుగూ పక్కపక్కన పెట్టుకుని ఒక పూట కూర్చో. అంతకంటే మంచి పాఠం లేదు. సిరియాలోని డూరా నగరంలో దొరికిన క్రీ.శ. 159 నాటి శిల్పంలోనైతే ఆ ఊరి అదృష్ట దైవం గడ్డం ఉన్న పురుషుడు.

నాణేన్ని అంచులతోనే పట్టుకో, కింద మెత్తని గుడ్డ పరుచు. దీపం ఎడమవైపు, బాగా కిందుగా పెట్టి నాణేన్ని మెల్లగా తిప్పు. నేరుగా పడే వెలుతురులో అరిగిన బురుజులు జుట్టు ముడిలా కనిపిస్తాయి. పది రెట్ల భూతద్దం చాలు. బరువు గ్రాముల్లో రెండు దశాంశాల వరకు, వ్యాసం మిల్లీమీటర్లలో రాయి. చింతపండు, నిమ్మరసం, పళ్లపొడి దగ్గరికి రానీయకు. కంచు మీది ఆకుపచ్చ పొరతో పాటు అక్షరాలూ పోతాయి. లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే ఆ నాణేన్ని పొడిగా, విడిగా ఉంచి సంరక్షకులకు చూపించు.

మీ దగ్గర గాంధార నాణేలు ఉంటే వాటినీ ఈ వరుసలోనే చూడు. గాంధారలోని పుష్కలావతి నగరపు బంగారు నాణెం మీద కోట కిరీటంతో, తామర పట్టుకుని ఒక దేవత ఉంది. పక్కన ఆ ప్రాంతపు పాత లిపి ఖరోష్ఠిలో ఊరి పేరు, ‘దేవద’ (దేవత) అన్న మాట. రెండో వైపు మూపురం ఎద్దు. గ్రీకు బురుజులూ మన తామరా ఒకే బొమ్మలో కలిశాయి.

మొదటి పది నాణేలకు నువ్వు రాసిన వివరాలు, పక్కవెలుతురులో తీసిన ఫొటోలు పంపు. పేరు రాసిన గడి మాత్రం మూసి పంపు. వివరాలను బట్టే ఊరు తేలుతుందేమో చూస్తాను.

ఇట్లు,
మామయ్య